బొటనవేలు చేసిన చట్టం

ఇరవై ఎనిమిది దేశాలకు కలిపి చట్టాలు చేసే ఆ సభలో ఏడువందల యాభై మంది కూర్చుంటారు. ఓటింగు రోజున వాళ్ళలో ఏడువందల నలభై మందికి తాము దేనిమీద మీట నొక్కుతున్నారో తెలియదు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. అక్కడ ఇరవై రెండేళ్ళు కాగితాలూ నీళ్ళగ్లాసులూ మోసిన డవాలా బంట్రోతు ఆర్బోగాస్ట్ వెండ్లింగ్ మాట. పోనీ, అతను కాస్త పెంచి చెప్పే మనిషే. సగానికి సగం కొట్టేసుకున్నా మిగిలేది తక్కువేం కాదు.

సంగతేమిటంటే, ఒక మధ్యాహ్నం గంటన్నరలో మూడువందల ఓట్లు పడాలి. చదువుకునే తీరిక ఎవరికుంటుంది? అందుకని ప్రతి పక్షానికీ ముందు వరసలో ఒక పెద్దమనిషి కూర్చుంటాడు. ఆయన ముందు ఒక జాబితా. అధ్యక్షుడు సవరణ సంఖ్య చదవగానే ఆయన చెయ్యెత్తి బొటనవేలు పైకి చూపిస్తే వెనకున్న వందమందీ ఔనని నొక్కుతారు. కిందికి చూపిస్తే కాదని నొక్కుతారు. అరచెయ్యి బల్లపరుపుగా ఆడిస్తే ఎటూ కాదని. ఒకసారి ఒక గ్రీకు పెద్దమనిషి చెవి దగ్గర దోమను కొట్టబోయి చెయ్యి లేపితే, ఆలివ్ నూనె డబ్బాల మూతల మీద ఒక చట్టం పుట్టిందట. ఆ చట్టం ఇప్పటికీ అమల్లో ఉందనీ, పాపం దోమే చచ్చిపోయిందనీ ఆర్బోగాస్ట్ ఒట్టేసి చెబుతాడు.

స్ట్రాస్‌బర్గ్‌లో ఆ సభ నెలకు నాలుగు రోజులే. తక్కిన రోజులు వాళ్ళ కాపురం బ్రసెల్స్‌లో. నెలకోసారి లారీల నిండా ట్రంకుపెట్టెలు వస్తాయి, గది గది ముందూ ఒకటి దిగుతుంది, నాలుగో రోజు మళ్ళీ లారీ ఎక్కుతుంది. ఆ నాలుగు రోజులూ ఆర్బోగాస్ట్ నల్లటి తోక కోటు, తెల్లటి బో, రొమ్ము మీద వెండి గొలుసు వేసుకుని సభలో నిలబడతాడు. ఆరడుగుల మనిషి, పొట్ట కూడా పదవికి తగ్గట్టే ఉంటుంది. కొత్తగా గెలిచి వచ్చిన సభ్యులు అతన్నే అధ్యక్షుడనుకుని వంగి దణ్ణం పెట్టిన రోజులున్నాయి. అతనూ వద్దనలేదు.

సారాకొట్లో అతను మంత్రి. సభలో మాత్రం కుర్చీలతో సమానం. పెద్ద బంట్రోతు హుంబ్రెష్ట్ కొత్తవాళ్ళకు మొదటి రోజే పాఠం చెప్పేవాడు. "మనకు కాళ్ళుంటాయి, చేతులుంటాయి, చెవులున్నా ఫరవాలేదు. నోరు మాత్రం గుమ్మం బయట గొడుగుతో పాటు తగిలించి రండి." రెండో పాఠం కాగితాల గురించి. పైన విలేకరుల కెమెరాలుంటాయి కాబట్టి సభ్యుడి బల్ల మీద ఏ కాగితం పెట్టినా బోర్లా పెట్టాలి, కుడివైపు మూలన. పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, వెళ్ళిపోవాలి. ఇరవై రెండేళ్ళలో ఆర్బోగాస్ట్ ఒక్క కాగితం వెల్లకిలా పెట్టి ఎరగడు. ఒక్కటి చదివీ ఎరగడు.

అతని అన్న మొరాండ్ పాడైన ఊపిరితిత్తులతో ఒక ఆదివారం అడిగేదాకా చదవలేదు.

మొరాండ్ ఉండేది గ్రెస్‌బాఖ్‌లో. స్ట్రాస్‌బర్గ్‌ నుంచి గంట దూరం, కొండల్లో. ఆ కొండలన్నీ ఎర్ర ఇసుకరాయి. ఇక్కడి మన చర్చీలు, వంతెనలు, గుమ్మాలు, సమాధులు అన్నీ ఆ రాయే. మొరాండ్ పదహారో ఏట డీబోల్ట్ గారి రాతి షెడ్డులో చేరి, యాభై నాలుగో ఏట మెట్లెక్కలేక మానేశాడు. ఇప్పుడు అరవై ఒకటి. వంటింట్లో ఆక్సిజన్ యంత్రం పిల్లిలా గురగురలాడుతుంటుంది. దాని గొట్టం కిటికీ దాకా వస్తుంది, పెరట్లోకి రాదు. అందుకని మొరాండ్ ప్రపంచం కిటికీతో సరి. అతను దగ్గి ఉమ్మినదంతా పోగుచేస్తే చర్చికి ఇంకో మెట్టు కట్టొచ్చని ఊళ్ళో ఒక వేళాకోళం ఉంది. దాన్ని పుట్టించింది మొరాండే.

అదే షెడ్డులో, అదే రంపం దగ్గర ఇప్పుడు అతని కూతురు సలోమె పనిచేస్తోంది. ఇరవై తొమ్మిదేళ్ళు. పాత చర్చీలకు విరిగిపోయిన పూలూ ఆకులూ తిరిగి చెక్కడంలో ఆ లోయ మొత్తంలో ఆమెకు సాటి లేదు. ఆమె చెక్కిన ద్రాక్షాకును ఒక మేక నమిలిందని చెబుతారు. మేక పళ్ళు ఊడాయని కూడా చెబుతారు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల నిండా ఎర్రదుమ్ము. ఆ ఏడాది వసంతంలో తీసిన ఛాతీ ఫొటో చూసి డాక్టరు, "ఇంకా శుభ్రంగానే ఉంది" అన్నాడు. ఆ 'ఇంకా' అన్న మాట మొరాండ్‌కు నిద్రపట్టనివ్వలేదు.

ఆదివారం భోజనానికి ఆర్బోగాస్ట్ వచ్చేవాడు. అతను గుమ్మంలో ఉండగానే మొరాండ్ కిటికీ దగ్గర్నుంచి అందుకునేవాడు.

"ఏరా మంత్రిగారూ, ఈ నెల ఏం చట్టం చేశారు?"

"తేనె సీసాల మీద చీటీలు."

"తేనెటీగలు ఓటేశాయా?"

"నీకు ఎకసెక్కాలే. నేను కాగితం అందించకపోతే ఆ సభ నడవదు, తెలుసా."

"తెలుసురా. నువ్వు నీళ్ళు అందించకపోతే యూరప్ మొత్తం గొంతెండి చస్తుంది." మొరాండ్ గొట్టం సర్దుకుని, ఊపిరి కూడదీసుకున్నాడు. "అంత మొనగాడివైతే ఆ డీబోల్ట్‌గాడి షెడ్డులో దుమ్ము పీల్చే యంత్రం పెట్టించు. నా సంగతొదిలెయ్. సలోమె కోసం."

సలోమె బంగాళాదుంపల గిన్నె బల్ల మీద పెడుతూ, "మొదలెట్టాడు నాన్న" అంది.

"డీబోల్ట్‌ను అడిగావా?" అన్నాడు ఆర్బోగాస్ట్.

"అడక్కేం బాబాయ్, ఏటా అడుగుతూనే ఉన్నా. కాదనడు. 'అమ్మా సలోమె, నేనొక్కణ్ణే పెడితే పక్కలోయవాడు నాకంటే చవగ్గా అమ్ముతాడు, వాడొక్కడే పెడితే పోలండువాడు అమ్ముతాడు. అందరికీ చట్టం రానీ, మర్నాడే పెడతా' అంటాడు. అబద్ధమాడే మనిషి కాదు. పెడతాడు."

"మరి ఆ పని మానేసి ఇంకోటి చూసుకోవే."

"ఏం చెయ్యమంటావ్? ఇళ్ళ గచ్చులు పరచమంటావా? నాకొచ్చింది ఆకులు చెక్కడం."

అప్పుడు ఆర్బోగాస్ట్ ఛాతీ విరుచుకున్నాడు. గొలుసు లేకపోయినా ఉన్నట్టే. "అయితే వినండి. మీ రాతిదుమ్ము మీదే చట్టం వస్తోంది. మా సభకే వస్తోంది. నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావురా, గ్లాసులా?" అన్నాడు మొరాండ్. కానీ ఆ రోజు చెంచా బల్ల మీద పెట్టేసి తమ్ముడి మొహం వంక చాలాసేపు చూశాడు. వేళాకోళం చేస్తూనే నమ్మాడు.

ఆర్బోగాస్ట్ అప్పటినుంచి చదవడం మొదలెట్టాడు. బోర్లా పెట్టబోయే ప్రతి కాగితాన్నీ వరండా మలుపులో ఒకసారి తిరగేసేవాడు. చట్టాల వంట ఎలా జరుగుతుందో యాభై మూడో ఏట తెలుసుకున్నాడు. పొయ్యి వెలిగించే హక్కు బ్రసెల్స్‌లోని కమిషనుకు ఒక్కదానికే ఉంది. కూరలో ఉప్పూకారం మార్చే హక్కు సభకూ, దేశాల మంత్రులకూ ఉంది. ఆ ఇద్దరి నాలుకలూ ఒకే రుచికి ఒప్పుకుంటే తప్ప విస్తరి వెయ్యరు. కమిషను వండి పంపిన ముసాయిదాలో రాతిదుమ్ము హద్దు ఘనపు మీటరు గాలికి సున్నా పాయింట్ ఒకటి మిల్లీగ్రాము. ఆ హద్దుకు డీబోల్ట్ షెడ్డు అప్పటికే కాస్త ఇవతల ఉంది, ఏమీ మార్చక్కర్లేదు. సభలో ఒక సంఘం కూర్చుని, డాక్టర్ల మాట విని, దాన్ని సగానికి కొయ్యాలని సవరణ రాసింది. సున్నా పాయింట్ సున్నా ఐదు. ఆ హద్దొస్తే యంత్రం పెట్టక తప్పదు. ఆ సవరణ సంఖ్య ఎనభై ఎనిమిది.

అది నెగ్గుతుందా లేదా అన్నది ఒక్క పక్షం చేతిలో ఉంది. ఆ పక్షం ఓటు జాబితా తయారుచేసే పిల్ల పేరు ఇల్జె. లాత్వియా మనిషి, నెలనెలా ట్రంకుపెట్టెతో పాటు వస్తుంది. ఆర్బోగాస్ట్ ఆమెకు ఉప్పు బ్రెట్సెల్ రొట్టె కొని తెచ్చిపెట్టి, రెండేళ్ళ పరిచయంలో మొదటిసారి ఒక సభాసంగతి అడిగాడు.

"ఎనభై ఎనిమిదికి మీవాళ్ళు ఎటు?"

ఇల్జె ఆశ్చర్యపోయింది. "మీకు మాటలొచ్చా మస్యూ వెండ్లింగ్?"

"వరండాలో వస్తాయి."

"ప్లస్, అంటే ఔనని. పోయిన వారమే తేల్చేశాం. లెక్కేసి చూస్తే తొంభై ఓట్ల తేడాతో నెగ్గాలి. ఎందుకడుగుతున్నారు?"

"మా అన్న ఆ రాయి మింగాడు."

ఆమె బ్రెట్సెల్ కొరకడం ఆపేసింది. "అయితే మీ అన్నతో చెప్పండి, మా వౌటర్ బొటనవేలు పైకే లేస్తుందని."

వౌటర్ ఆ పక్షం ముందు వరస పెద్దమనిషి, హాలండు వాడు. పదిహేనేళ్ళ అనుభవం. చెవిలో దుబాసీల మాటలు ఆలస్యంగా వస్తాయని ఆయన అసలు సంఖ్యలే వినడు. పెన్సిలుతో జాబితాలో వరసలు కొట్టుకుంటూ పోతాడు. ఒక్కో పిలుపుకు ఒక్కో వరస. ఏనాడూ గురి తప్పలేదు. ఆర్బోగాస్ట్ ఆ ఆదివారం అన్న ఇంట్లో ఒక సీసా విప్పి, తానే ఆ హాలండాయనను ఒప్పించానని గంటసేపు చెప్పాడు.

ఓటింగు మంగళవారం మధ్యాహ్నం. పది నిమిషాల ముందు ఇల్జె పరుగెత్తుకుంటూ వచ్చి ఆర్బోగాస్ట్ చేతిలో ఒక కాగితం పెట్టింది.

"కొత్త జాబితా. ఎవరో ఎనభై ఏడును రెండు ముక్కలుగా ఓటుకు పెట్టమని అడిగారు. ఒక వరస పెరిగింది. వౌటర్‌కు ఇచ్చెయ్యండి, నన్ను లోపలికి రానివ్వరు."

అతను తీసుకెళ్ళాడు. వౌటర్ వెనక్కి తిరిగి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆర్బోగాస్ట్ కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు, కుడివైపు మూలన. ఒక్క క్షణం ఆగాడు. "కొత్త జాబితా మస్యూ" అంటే చాలు. మూడు మాటలు. సారాకొట్లో గంటకు మూడువేల మాటలు దొర్లించే మనిషి. గుమ్మం దగ్గర హుంబ్రెష్ట్ చూస్తున్నాడు. ఆర్బోగాస్ట్ రెండడుగులు వెనక్కి వేశాడు. వెళ్ళి ఎడమవైపు మెట్ల దగ్గర నిలబడ్డాడు.

గంట మోగింది. వౌటర్ ఇటు తిరిగి, మోచెయ్యి ఆ బోర్లా కాగితం మీదే ఆనించి, పాత జాబితా ముందుకు లాక్కున్నాడు.

అధ్యక్షుడు పేలాలు వేయించినట్టు చదువుకుంటూ పోయాడు. ఓటింగు మొదలైంది, ముగిసింది, నెగ్గింది. మొదలైంది, ముగిసింది, వీగింది. ఎనభై మూడు, ఎనభై నాలుగు, ఎనభై ఐదు, ఎనభై ఆరు. ఆర్బోగాస్ట్ కళ్ళు ఆ పెన్సిలు మీదే ఉన్నాయి. ఎనభై ఏడు, మొదటి భాగం. బొటనవేలు పైకి. పెన్సిలు ఒక వరస కొట్టింది. ఎనభై ఏడు, రెండో భాగం. కొత్త జాబితా ప్రకారం కిందికి పడాలి. పైకి లేచింది.

ఆర్బోగాస్ట్‌కు అప్పుడు అర్థమైంది. ఆ మనిషి ఎనభై ఎనిమిది వరసను అప్పుడే ఖర్చు పెట్టేశాడు. ఇక ఎనభై ఎనిమిదికి పడేది ఎనభై తొమ్మిది వరస.

"ఎనభై ఎనిమిది" అన్నాడు అధ్యక్షుడు. "ఓటింగు మొదలైంది."

బొటనవేలు కిందికి దిగింది.

"కాదు! అది కాదు! పైకి! వేలు పైకెత్తయ్యా!"

ఇరవై రెండేళ్ళ నోరు ఒక్కసారిగా తెరుచుకుంది. కాని ఆ తొందరలో వచ్చింది అమ్మ భాష, ఈ కొండల్లో మనం మాట్లాడుకునే, జర్మన్‌కు చుట్టమైన ఆల్సేషియన్. అద్దాల గదుల్లో ఇరవై నాలుగు భాషల దుబాసీలు కూర్చుని ఉన్నారు. ఆ ఇరవై నాలుగింటిలో అది లేదు. జర్మన్లకు సగం అర్థమైంది. తక్కిన సగం అర్థమయ్యే లోపల "ఓటింగు ముగిసింది" అని వినపడింది. నాలుగు క్షణాలు, మహా అయితే ఐదు. గోడమీద అంకెలు వెలిగాయి. అనుకూలం మూడువందల పదకొండు, వ్యతిరేకం మూడువందల ముప్పై ఏడు.

"వీగింది. సభ్యులు కానివారు దయచేసి నిశ్శబ్దం పాటించాలి. ఎనభై తొమ్మిది."

కొందరు నవ్వారు. పెద్ద శరీరం, తోక కోటు, ఎర్రబడిన మొహం, నవ్వు రాక ఏం చేస్తుంది. తొంభైయో సవరణ దగ్గర వౌటర్‌కు వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. ఆయన మోచెయ్యి తీశాడు, కాగితం తిప్పాడు. మొహం పాలిపోయింది. చెప్పుకోవాలంటే మంచివాడే. వెంటనే లేచి నిలబడి, పొరపాటు జరిగింది, ఎనభై ఎనిమిది మళ్ళీ ఓటుకు పెట్టమని అడిగాడు.

"ముగిసిన ఓటు ముగిసినట్టే" అన్నాడు అధ్యక్షుడు. "ఉద్దేశం వేరేగా ఉన్నవాళ్ళు దిద్దుబాటు చీటీ ఇవ్వొచ్చు."

ఆ చీటీలు పోగుచేసే పని బంట్రోతులదే. ఆర్బోగాస్ట్ పళ్ళెం పట్టుకుని వరసవరసకూ తిరిగాడు. "ఎనభై ఎనిమిది మీద కాదని నొక్కాను, నా ఉద్దేశం ఔనని" అంటూ యాభై ఎనిమిది మంది రాసిచ్చారు. వాటిని కలుపుకుంటే మూడువందల అరవై తొమ్మిది, రెండువందల డెబ్భై తొమ్మిది. ఇల్జె చెప్పిన తొంభై ఓట్ల తేడా అచ్చుగుద్దినట్టు ఉంది. పళ్ళెం గుమస్తా బల్ల మీద పెట్టి అతను మళ్ళీ నోరు తెరిచాడు. ఇక ఆ రోజు ఎలాగూ తెరిచిందే.

"వీటితో ఫలితం మారుతుందా?"

"మారదండీ" అంది గుమస్తా. "దస్త్రంలో అచ్చవుతాయి. రేపు వాళ్ళ ఊళ్ళో ఎవరైనా అడిగితే చూపించుకోడానికి."

సాయంత్రం హుంబ్రెష్ట్ తన గదికి పిలిపించి, తలుపు వేశాడు. తర్వాత, "వెండ్లింగ్, నీ గురించి దస్త్రంలో ఏం రాశారో చూశావా?" అని కాగితం చూపించాడు. బ్రాకెట్ల మధ్య 'అంతరాయం' అని ఒక్క మాట ఉంది. "అదృష్టవంతుడివి. పేరు రాయలేదు." గొలుసు తీసేసుకున్నారు. మర్నాటినుంచి వరండాలో ట్రంకుపెట్టెల పని.

ఆదివారం గ్రెస్‌బాఖ్‌కు వెళ్ళేసరికి మొరాండ్ కిటికీ దగ్గరే ఉన్నాడు. బస్సు దిగిన తమ్ముడి నడక చూసి ముందే తెలుసుకున్నట్టున్నాడు. "ఏరా మంత్రిగారూ" అనలేదు.

ఆర్బోగాస్ట్ ఏదీ దాచలేదు. పెంచలేదు కూడా. బతుకులో మొదటిసారి ఒక కథ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"అంటే యాభై ఎనిమిది మంది మనవైపే?" అన్నాడు మొరాండ్.

"మనవైపే."

"కాగితం మీద."

"ఆఁ."

యంత్రం గురగురలాడింది. సలోమె చేతులు కడుక్కుంటూ కుళాయి కట్టెయ్యకుండా అలాగే నిలబడి వింటోంది.

"ఆ కాగితం నువ్వు వెల్లకిలా పెట్టుంటే చూసేవాడా?"

"చూసేవాడు."

"నోటితో చెప్పుంటే?"

ఆర్బోగాస్ట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నలభై ఏళ్ళుగా వాగుతూనే ఉన్నావు కదరా" అన్నాడు మొరాండ్. మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "ఈ ఇంట్లో. కొట్లో. పెళ్ళిళ్ళ దగ్గర. అమ్మ శవం దగ్గర కూడా. ఆ ఒక్కపూట మూసుకోమని ఎవడు చెప్పాడురా నీకు?"

"తర్వాత అరిచానన్నా."

"తర్వాత."

సలోమె కుళాయి కట్టింది. "చాల్లే నాన్నా. బాబాయ్ ఉద్యోగం కూడా పోయింది."

"పోలేదే, పెట్టెలు మోస్తున్నాడు." మొరాండ్ నవ్వబోయాడు, ఆ నవ్వు దగ్గయింది, ఆ దగ్గు పావుగంట ఆగలేదు. సలోమె వీపు నిమురుతుంటే ఆర్బోగాస్ట్ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. దగ్గు ఆగాక ముగ్గురూ భోంచేశారు. క్యాబేజీ కూర అప్పటికే చల్లారిపోయింది.

తక్కిన కథ ఎవరికీ పట్టలేదు. సభవాళ్ళు, మంత్రులవాళ్ళు, కమిషనువాళ్ళు ఒక గదిలో కూర్చుని నాలుగు గళ్ళ కాగితం (ఒక్కొక్కరి మాటకు ఒక్కో గడి, కుదిరినదానికి నాలుగోది) ముందేసుకుని బేరమాడారు. సభ గడిలో సున్నా ఐదు లేదు కాబట్టి దాని ఊసే రాలేదు. చివరికి మంత్రుల ఆమోదం కావాలి. అక్కడా ఒక ఆచారం ఉంది. ముందే కుదిరిపోయిన చట్టాన్ని చర్చ లేకుండా, ఏ శాఖ మంత్రులు ముందు కలిస్తే వాళ్ళ చేత అవుననిపించేస్తారు. ఆ వారం కలిసింది చేపల మంత్రులు. హెరింగ్ చేపల వాటాల మీద తన్నుకోబోయే ముందు, రాతికూలీల ఊపిరితిత్తుల మీద చట్టం చేసేసి, కాఫీ తాగారు. ఇది మటుకు ఆర్బోగాస్ట్ పెంచి చెప్పింది కాదు. కొట్లో చెబితే ఎవరూ నమ్మలేదు, దోమ కథే నమ్మారు.

మొరాండ్ ఆ వార్త వినలేదు. దానికి పదకొండు రోజుల ముందు, ఫిబ్రవరిలో, కుర్చీలోనే పోయాడు. సమాధి రాయి సలోమె చెక్కింది. పేరు చుట్టూ ఆకులేమీ పెట్టలేదు.

చట్టాన్ని తమ తమ పుస్తకాల్లో ఎక్కించుకోడానికి దేశాలకు రెండేళ్ళు గడువిస్తారు. గడువు అయ్యాక, ఒక బుధవారం, డీబోల్ట్ షెడ్డుకు కొలతల అధికారి వచ్చింది. పద్ధతైన మనిషి. సలోమె కాలరుకు అగ్గిపెట్టెంత యంత్రం తగిలించి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆమెను మామూలుగా పనిచేసుకోమంది. వారం తర్వాత ఫలితం పట్టుకుని మళ్ళీ వచ్చింది. ఆ రోజు ఆర్బోగాస్ట్ కూడా సెలవు పెట్టి వచ్చాడు.

సలోమెకు అప్పుడు ముప్పై రెండేళ్ళు. అంతకు ముందు నెలే తీసిన ఛాతీ ఫొటోలో కుడివైపు పైన రెండు చిన్న చుక్కలు కనపడ్డాయి. డాక్టరు ఈసారి 'ఇంకా' అనలేదు. ఆర్నెల్లకోసారి రమ్మన్నాడు.

"సున్నా పాయింట్ సున్నా ఎనిమిది" అని చదివింది అధికారి. "హద్దు సున్నా పాయింట్ ఒకటి. అంతా సక్రమం. మీ రికార్డులు కూడా బాగున్నాయి మస్యూ డీబోల్ట్."

డీబోల్ట్ టోపీ తీసి నెత్తి తుడుచుకున్నాడు. నిజంగానే భయపడ్డట్టున్నాడు. "నేను చట్టానికి ఎదురెళ్ళే మనిషిని కాదమ్మా. ఏం సలోమె, నేనెప్పుడన్నా ఎదురెళ్ళానా?"

"లేదు."

"అది సున్నా ఐదని రాసుంటే ఈపాటికి యంత్రం పెట్టేసేవాణ్ణి. మీ నాన్న మీద ఒట్టు."

"తెలుసు."

"డాక్టరు ఫొటో ఉంది" అన్నాడు ఆర్బోగాస్ట్. "అందులో చుక్కలున్నాయి."

అధికారి అతనివైపు తిరిగింది. మర్యాదగానే చెప్పింది. "ఫొటో ఆరోగ్య శాఖకండీ. నేను కొలిచేది గాలి." తర్వాత కాగితం సలోమె ముందు పెట్టింది. "కొలత మీ సమక్షంలో జరిగినట్టు కార్మికుల తరఫున ఒక సంతకం కావాలి."

సలోమె చదివి, సంతకం పెట్టింది. డీబోల్ట్ లోపలికెళ్ళి ఆ సంతోషంలో అందరికీ తలో బీరు పట్టుకొచ్చాడు. అధికారి డ్యూటీలో తాగనని చెప్పి కారెక్కి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు షెడ్డు బయట రాతిదిమ్మల మీద కూర్చుని తాగారు. ఎండగా ఉంది. ఎవరో ఫుట్‌బాల్ గురించి మాట్లాడారు. 

ఒకటిన్నరకు గంట కొట్టారు. సలోమె తన సీసాలో మిగిలిన సగం ఆర్బోగాస్ట్ చేతికిచ్చి లేచింది. నుదుటి మీదున్న ముసుగు కిందికి లాక్కుంది.

"సాయంత్రం దాకా ఉంటావా బాబాయ్?"

"ఉంటానే."

"అయితే ఇక్కడే కూచో. లోపలికి రాకు, దుమ్ము."

ఆమె లోపలికెళ్ళి రంపం మీట నొక్కింది.